సూదే కాదు.. పెన్నూ పంచుకోవద్దు

ఇంట్లో గ్లూకోమీటర్ బయటికి తీస్తే చాలు.. నాన్నగారి పరీక్ష అయ్యాక ‘పనిలో పని, నాదీ చూడు’ అంటూ ఒక్కొక్కరే వేలు చాపుతుంటారు. సూది మార్చాం కదా, ఇంకేం భయమన్నది చాలామంది ధీమా. అది సరికాదు. లాన్సెట్ కొత్తదైనా, దాన్ని బిగించే పెన్ను మూతకు కంటికి కనిపించనంత రక్తం అంటుకుని ఉండొచ్చు. హెపటైటిస్-బి వైరస్ శరీరం బయట కనీసం 7 రోజులు బతకగలదు. అది ఒంట్లో ఉన్న చాలామందికి ఆ సంగతే తెలియదు. అందుకే ఎవరి పెన్ను వారికే ఉండాలి. మీటర్ ఒక్కటే అయితే ఒకరి పరీక్ష అయ్యాక, దాంతోపాటు ఇచ్చిన పుస్తకంలో చెప్పినట్టు శుభ్రం చేశాకే మరొకరికి వాడాలి.

* సబ్బుతో చేతులు కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. పండు ఒలిచిన చేత్తోనే పరీక్షిస్తే షుగర్ ఎక్కువగా చూపించొచ్చు.

* వేలి కొన మధ్యలో కాకుండా పక్కన గుచ్చితే నొప్పి తక్కువ. ప్రతిసారీ వేలు మార్చాలి.

* మీ లాన్సెట్ అయినా ఒక్కసారికే. మళ్లీ వాడితే మొన మొద్దుబారి నొప్పి, ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతాయి.

* వాడిన లాన్సెట్లను గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేయాలి. ముప్పావు వంతు నిండగానే మూత బిగించి, ‘సూదులున్నాయి’ అని రాసి, తడి, పొడి చెత్తలో కలపకుండా విడిగా ఇవ్వాలి. లేదంటే చెత్త వేరుచేసే కార్మికుల చేతికి గుచ్చుకుంటాయి.

ఇతరులు వాడిన సూది గుచ్చుకుంటే వేలు నోట్లో పెట్టుకోవద్దు, పిండొద్దు. సబ్బు, నీళ్లతో కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అవసరమైతే హెపటైటిస్-బి టీకా వీలైనంత త్వరగా, 24 గంటల్లోపు ఇస్తే మేలు. హెచ్‌ఐవీ నివారణ మందులు 72 గంటలు దాటకముందే, ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది.