మూసలో పోసిన శిల్పము: కొన్ని అపోహలు, వాస్తవములు

అమీర్‌పేటనుండి పంజగుట్టవఱకు గల ఇండ్లలో, దుకాణములలో తలయెత్తి చూచినచో పీవోపీ సీలింగు కనబడును; భాద్రపదమాసము వచ్చెనా, అదే పదార్థముతో పోసిన వినాయకవిగ్రహములు వీథివీథిని వెలయును. ఇట్లు నిత్యపరిచితమగుటచేతనే కాబోలు, ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ అనగానే చౌకయైనది, నాలుగునాళ్లలో నశించునది, అసలు కానిది యను భావము మనవారి మనసుల నాటుకొనిపోయినది. మైకెలాంజిలో మొదలగు మహాశిల్పుల కృతులకు ప్లాస్టరు ప్రతిరూపములను ఐరోపా మ్యూజియములు భద్రపఱచుచున్నవని వినినంతనే "నకళ్లే గదా" యని పెదవి విఱచువారిని చూచినపుడు నాకు నిజముగా బాధ కలుగును.

నకలు వేఱు, మోసము వేఱు. మోసగాడు తన వస్తువును అసలని నమ్మించి అమ్మజూచును. మూస పోయువాడు తాను పోసినది ఏ శిల్పమునకు ప్రతిరూపమో చెప్పియే నిలుపును. చూచి చెక్కిన నకలులో చెక్కినవాని చేయి చొరబడును గాని, మూసలో పోసినదానియందు మూలశిల్పి యులిజాడయే దిగును. దీనికి కారణము పదార్థగుణము: జిప్సం రాతిని సుమారు 150 సెంటిగ్రేడు డిగ్రీల వేడిమిలో కాల్చినచో అందలి నీటిలో నాల్గింట మూడు వంతులు పోయి పొడి మిగులును, ఆ పొడికి మరల నీరు చేర్చినచో వేడి పుట్టించుచు గట్టిపడును, అట్లు గట్టిపడునపుడు కుంచించుకొనక రవంత వ్యాకోచించును గనుక మూసలోని వెండ్రుకవాసి గీతలోనికిని చొచ్చుకొనిపోవును. ఇక నీటబడిన మట్టివలె కరిగిపోవుననుట మఱియొక పొరపాటు. లీటరు నీటిలో అది కరగునది రెండు గ్రాముల పైచిల్లరయే. హుస్సేన్‌సాగరమున నిమజ్జితములైన విగ్రహములు ఎన్నాళ్లకును కరగక అడుగున పేరుకొనుటకు హేతువిదియే.

పునరుజ్జీవనయుగపు శిల్పులు ఇట్టి పనిని హీనముగా నెంచిరనుటయు నిజము కాదు. ఫ్లోరెన్సు శిల్పి వెరోక్కియో చేతులను, కాళ్లను ప్లాస్టరులో పోసి అభ్యాసార్థము ఎదుట నుంచుకొనెనని కళాకారుల చరిత్రకారుడు వసారి వ్రాసెను. 1540లో ఫ్రాన్సు రాజు మొదటి ఫ్రాన్సిస్ తన ఆస్థానచిత్రకారుడగు ప్రిమాటిచ్చోను రోమునకు పంపి, పురాతనవిగ్రహములకు మూసలు తీయించి, వానినుండి కంచు ప్రతిమలను పోయించుకొనెను. మన రాజమహేంద్రవరపు దామెర్ల రామారావు చదివిన బొంబాయి జె.జె. కళాశాలలోను ప్లాస్టరు ప్రతిమలను చూచి గీయుట విద్యలో భాగముగా నుండెను. ఆ అభ్యాసము ఆయన చిత్రములలోని తెలుగుదనమును ఇసుమంతయు హరింపలేదు.

1501 మొదలు 1504 వఱకు మైకెలాంజిలో చెక్కిన దావీదు విగ్రహమునకు క్లెమెంతే పాపి యనునతడు తీసిన ప్లాస్టరు ప్రతిమను టస్కనీ ప్రభువు 1857లో విక్టోరియారాణికి కానుకగా పంపగా, ఆమె దానిని తనకడ నుంచుకొనక లండనులోని సౌత్ కెన్సింగ్‌టన్ మ్యూజియమున కిచ్చివేసెను. నేటికిని అది అచటనే కలదు. మూలవిగ్రహము ఎండవానల నుండి తప్పించుకొని అకాడెమియా మందిరమును చేరినది 1873లో. కనుక ఆ ప్లాస్టరు దావీదు, మూలము ఇంకను ఆరుబయట నున్నకాలపు రూపమునకు సాక్షి. ఫ్లోరెన్సు నడిబజారులో నేడు యాత్రికులు అసలని తలచి చేతులు జోడించు దావీదో, 1910లో నిలిపిన పాలరాతి నకలు! పాలరాయి యైనంతమాత్రమున అసలని, ప్లాస్టరైనంతమాత్రమున అల్పమని నిర్ణయించువారు ఈ రెండింటిని ప్రక్కప్రక్కన నుంచి యోచింపవలెను.

1945 మే నెలలో బెర్లినులోని ఫ్రీడ్రిక్స్‌హైన్ దుర్గమున చెలరేగిన అగ్నిలో, అచట దాచిన పునరుజ్జీవనశిల్పములు అనేకములు నాశమయ్యెను. 1819లో స్థాపితమైన ఆ నగరపు మూసలశాలలో అంతకుముందే పోసియుంచిన ప్రతిరూపములవలన, వానిలో కొన్నిటి ఆకృతి నేడును మనకు తెలియుచున్నది. అయితే మూస తీయుట మూలమునకు నిరపాయమనుకొనుటయు తగదు. పాతపద్ధతిలో పూసిన నూనెలు, మూస నూడదీయునప్పటి లాగుడు పాలరాతి పైపొరను చెఱచుట కలదు గనుకనే, నేడు రాతిని తాకక కాంతికిరణములతో కొలత లెత్తుచున్నారు.

అమీర్‌పేటలో మెట్రో ఎక్కి ఎం.జి.బి.ఎస్.లో దిగినవారికి సాలార్‌జంగ్ మ్యూజియము దూరము కాదు. అందలి మేలిముసుగు రెబెక్కా యను పాలరాతి విగ్రహమును పునరుజ్జీవనకాలపుదనువారును, లోకమున కదియొక్కటే యనువారును కలరు. దానిని చెక్కినవాడు పందొమ్మిదవ శతాబ్దపు ఇటలీ శిల్పి జొవాన్ని మరియా బెంజోని. మొదటి సాలార్‌జంగ్ దానిని 1876లో రోమున కొనెను. బెంజోని ఆ రూపమును పలుమార్లు వెలయించెను, అమెరికా మ్యూజియములలోను ఆమె సోదరీమణులు కలరు. ఆ కాలపు రోము శిల్పశాలలలో మొదట బంకమట్టితో నమూనా చేసి, దానిని ప్లాస్టరులో పోసి, ఆ ప్లాస్టరుపై గుర్తులు పెట్టి కొలతలు దించుకొని పాలరాతిని చెక్కుట వాడుక; ఒకే రూపము పలుమార్లు పుట్టుటకు వీలు కల్పించినది ఆ నడిమి ప్లాస్టరు ప్రతిమయే.