సైంటిఫిక్ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేస్తే స్క్రీన్ నిండా ఎర్రర్లు.. తప్పు ఎవరిది? డెవలపర్లు ఏం చేస్తున్నారు?

ప్రాజెక్ట్ రివ్యూకి రెండు రోజులే టైమ్ ఉంది. కోడ్ రాయడం సంగతి తర్వాత.. ముందు కావాల్సిన లైబ్రరీనే ల్యాప్‌టాప్‌లో ఎక్కడం లేదు. పిప్ ఇన్‌స్టాల్ అని కొట్టగానే స్క్రీన్ నిండా ఎర్ర అక్షరాలు! ఇంజినీరింగ్ స్టూడెంట్స్ నుంచి రీసెర్చ్ స్కాలర్ల దాకా పైథాన్ వాడేవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకసారి ఎదురయ్యే సీన్ ఇది. ఫ్రీగా ఇచ్చారు సరే, ఇన్‌స్టాల్ అయ్యేలా ఇవ్వరా అన్నది యూజర్ల కోపం. మీ కంప్యూటర్‌లో ఏముందో చెప్పకపోతే ఎలా సాయం చేయాలన్నది డెవలపర్ల వాదన. ఇంతకీ అసలు చిక్కు ఎక్కడుంది? ఫిర్యాదు చేస్తే నిజంగా ఏమైనా మారుతుందా?

అసలు ఎక్కడ ఆగిపోతోంది?

లెక్కల కోసం నంపై, సైంటిఫిక్ పనుల కోసం సైపై.. పైథాన్‌లో ఈ రెండూ పునాది లాంటివి. 2019 ఏప్రిల్‌లో ప్రపంచం తొలిసారి చూసిన బ్లాక్ హోల్ ఫొటో తయారీలోనూ ఇవి పనిచేశాయి. పైకి పైథాన్‌లా కనిపిస్తాయి కానీ, లోపల స్పీడ్ కోసం సి భాషలో రాసిన కోడ్ ఉంటుంది. సైపైలో అయితే సి ప్లస్ ప్లస్, ఫోర్ట్రాన్ కోడ్ కూడా వాడుతూ వచ్చారు. ఆ కోడ్‌ను మీ కంప్యూటర్‌కు తగ్గట్టు కంపైల్ చేయాలి.

అందరూ ఇంట్లో ఈ పని చేసుకోలేరు కదా. అందుకే డెవలపర్లే ముందుగా కంపైల్ చేసిన ప్యాకేజీని ఇస్తారు. దాని పేరు 'వీల్'. ఒకరకంగా రుబ్బి రెడీగా పెట్టిన దోసె పిండి లాంటిది. మీ ఆపరేటింగ్ సిస్టమ్, ప్రాసెసర్, పైథాన్ వెర్షన్.. ఈ మూడింటికీ సరిపోయే వీల్ ఉంటే పని నిమిషంలో అయిపోతుంది. లేకపోతే పిప్ పప్పు, బియ్యం తెచ్చి ఇక్కడే రుబ్బుదాం అంటుంది. గ్రైండర్ లేని ఇంట్లో పిండి ఎలా అవ్వదో, కంపైలర్ లేని ల్యాప్‌టాప్‌లో ఇన్‌స్టాల్ కూడా అలాగే అవ్వదు. మైక్రోసాఫ్ట్ విజువల్ సి ప్లస్ ప్లస్ 14.0 కావాలి అంటూ వచ్చే ఫేమస్ ఎర్రర్‌కు అర్థం ఇదే.

ఇంకో విషయం. ఇప్పుడు ఏటా అక్టోబర్‌లో పైథాన్ కొత్త వెర్షన్ వస్తోంది. దాన్ని మొదటి రోజే వేసుకున్నవాళ్లకు కొన్ని లైబ్రరీల వీల్స్ ఇంకా రెడీగా ఉండవు. అంటే, లేటెస్ట్ వెర్షన్ వేసుకోవడమే ఒక్కోసారి తలనొప్పి అవుతుందన్నమాట.

విండోస్ యూజర్ల గోడు

ఈ ఫిర్యాదుల్లో పాతదీ, పెద్దదీ విండోస్ యూజర్లదే. సైపై తొలి రిలీజ్ 2001లో వచ్చింది. కానీ పిప్‌తో నేరుగా ఇన్‌స్టాల్ అయ్యే అధికారిక విండోస్ వీల్స్ వచ్చింది మాత్రం 2017 అక్టోబర్‌లో, 1.0 వెర్షన్‌తో. విండోస్‌లో ఫోర్ట్రాన్ కోడ్‌ను ఉచిత కంపైలర్లతో సరిగ్గా కంపైల్ చేసే దారి దొరకకపోవడమే ఈ ఆలస్యానికి ప్రధాన కారణం.

మరి అప్పటిదాకా ఏం చేశారు? చాలామందికి క్రిస్టఫ్ గోల్కే పేజీయే దిక్కయింది. అమెరికాలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ, అర్వైన్ క్యాంపస్‌కు చెందిన ఈ పరిశోధకుడు వందల లైబ్రరీలను విండోస్ కోసం కంపైల్ చేసి ఏళ్ల తరబడి ఫ్రీగా అందించారు. ల్యాబ్‌కు నిధులు ఆగిపోవడంతో ఆ సర్వీస్‌కు 2022లో బ్రేక్ పడింది. ఎంతోమంది పని ఒక్క మనిషి ఓపిక మీద ఎలా నడిచిందో చెప్పడానికి ఇదే ఉదాహరణ.

'సాల్వింగ్' అంటూ తిరిగే చక్రం

నంపైని సృష్టించిన ట్రావిస్ ఒలిఫాంట్ 2012లో మరికొందరితో కలిసి ఒక కంపెనీ పెట్టారు. ఇప్పుడు దాని పేరు అనకొండ. వాళ్లు తెచ్చిన కొండా అనే టూల్, లైబ్రరీతో పాటు దానికి కావాల్సిన సి, ఫోర్ట్రాన్ సరుకంతా కలిపి ఇచ్చేస్తుంది. దాంతో చాలామంది ఊపిరి పీల్చుకున్నారు.

అయితే కొత్త ఫిర్యాదు మొదలైంది. 'సాల్వింగ్ ఎన్విరాన్‌మెంట్' అని చూపిస్తూ కొండా నిమిషాల తరబడి తిరుగుతూనే ఉండేది. ఏ వెర్షన్ దేనితో కలుస్తుందో లెక్క తేల్చడం పెద్ద పజిల్ కావడమే కారణం. యూజర్ల నుంచి ఏళ్లపాటు ఒత్తిడి వచ్చాక, 2023లో విడుదలైన 23.10 వెర్షన్ నుంచి లిబ్‌మాంబా అనే వేగవంతమైన సాల్వర్‌ను డిఫాల్ట్ చేశారు. ఫిర్యాదులు వృథా పోవు అనడానికి ఇదో సాక్ష్యం.

కావాలనే ఇచ్చే ఎర్రర్లు కూడా ఉన్నాయి!

అన్ని ఎర్రర్లూ బగ్స్ కాదు. మెషీన్ లెర్నింగ్ నేర్చుకునేవాళ్లు వాడే లైబ్రరీ పేరు సైకిట్-లెర్న్. కోడ్‌లో మాత్రం ఎస్‌కెలెర్న్ అని రాస్తారు. దాంతో చాలామంది ఇన్‌స్టాల్ చేసేటప్పుడూ అదే పేరు కొట్టేవారు. ఆ పేరుతో ఎవరైనా హానికరమైన ప్యాకేజీ పెట్టకుండా డెవలపర్లే ఆ పేరును తమ దగ్గర ఉంచుకున్నారు. తర్వాత తప్పు పేరు అలవాటు మాన్పించాలని నిర్ణయించారు. 2022 డిసెంబర్‌లో గంటకు 5 నిమిషాలు మాత్రమే ఎర్రర్ ఇచ్చారు. ఆ టైమ్‌ను దశలవారీగా పెంచుతూ 2023 డిసెంబర్ 1 నుంచి పూర్తిగా ఆపేశారు. సరైన పేరేంటో ఆ ఎర్రర్‌లోనే రాసి ఉంటుంది.

లైనక్స్‌లోనూ ఇలాంటిదే జరిగింది. 2023లో వచ్చిన డెబియన్ 12 నుంచి, సిస్టమ్‌తో వచ్చిన పైథాన్‌లో పిప్ నేరుగా ఇన్‌స్టాల్ చేయనివ్వదు. సిస్టమ్ సొంత టూల్స్ చెడిపోకూడదనే ఈ తాళం. కాదు కూడదు అనుకుంటే వాడాల్సిన ఆప్షన్ పేరే 'బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్'. ఏం జరగొచ్చో పేరులోనే హెచ్చరించారు.

నంపై 2.0తో పెద్ద కుదుపు

2024 జూన్‌లో నంపై 2.0 వచ్చింది. 2006 తర్వాత ఇదే తొలి మేజర్ వెర్షన్. పాత నంపై మీద కంపైల్ చేసిన లైబ్రరీలు కొత్తదాంతో నడవకుండా పోయాయి. నిన్నటిదాకా పనిచేసిన కోడ్ ఇవాళ ఆగిపోయిందేంటి అని యూజర్లు తలలు పట్టుకున్నారు. ఇలా అవుతుందని డెవలపర్లకు ముందే తెలుసు. ఆ మార్పు గురించి ముందుగానే ప్రకటించారు. పైగా ఏం చేయాలో ఎర్రర్ మెసేజ్‌లోనే రాశారు.. తాత్కాలికంగా 2 కన్నా తక్కువ వెర్షన్‌కు వెళ్లండి, లేదంటే ఆ లైబ్రరీ కొత్త వెర్షన్ తీసుకోండి అని. చాలామంది మాత్రం అంతదాకా చదవకుండానే ఫిర్యాదుకు వెళ్లిపోతారు.

డెవలపర్లు ఎందుకు విసుక్కుంటారు?

వీటిని నడిపేవాళ్లలో ఎక్కువమంది జీతం తీసుకోకుండా, ఉద్యోగాలు, రీసెర్చ్ మధ్య టైమ్ చూసుకుని పనిచేసేవాళ్లే. నంపై లాంటి ప్రాజెక్టుకే డెవలప్‌మెంట్ కోసం తొలిసారి పెద్ద గ్రాంట్ దక్కింది 2017లో. అలాంటివాళ్లకు 'ఇన్‌స్టాల్ అవ్వట్లేదు, హెల్ప్' అని ఒక్క లైన్ పంపితే ఏం అర్థమవుతుంది? వెర్షన్ ఏంటి, ఏ సిస్టమ్ అని అడగడానికే రెండు రోజులు పోతాయి. అలాగని తప్పంతా యూజర్లదే అనుకోవడానికీ లేదు. సైన్స్ చదివేవాళ్లకు కంపైలర్ల గొడవ తెలియాలని రూలేం లేదు కదా. పై ఉదాహరణల్లో మార్పు వచ్చింది కూడా యూజర్లు పడ్డ ఇబ్బంది డెవలపర్ల దాకా చేరినందుకే.

ఎర్రర్ వస్తే ముందు ఇవి చూడండి

- పైథాన్ వెర్షన్ మరీ కొత్తదా? అయితే ఒక వెర్షన్ వెనక్కి వెళ్లి ట్రై చేయండి.
- 64 బిట్ పైథానేనా? పొరపాటున 32 బిట్ వేసుకుంటే కొన్ని లైబ్రరీలకు వీల్ దొరకదు.
- ప్రతి ప్రాజెక్టుకూ విడిగా వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ పెట్టుకోండి. ఒకటి చెడినా మిగతావి సేఫ్.
- ప్యాకేజీ పేరు స్పెల్లింగ్‌ను అధికారిక పేజీలో సరిచూసుకోండి. దగ్గరి పేర్లతో నకిలీలు పెట్టే మోసగాళ్లు ఉన్నారు.
- ఎర్రర్ మెసేజ్‌ను చివరి దాకా చదవండి. చాలాసార్లు అసలు విషయం కింది లైన్లలోనే ఉంటుంది.
- అయినా కాకపోతే అప్పుడు ఫిర్యాదు చేయండి. ఆపరేటింగ్ సిస్టమ్, పైథాన్ వెర్షన్, కొట్టిన కమాండ్, వచ్చిన ఎర్రర్ మొత్తం టెక్స్ట్‌గా ఇవ్వండి. ఫోన్‌తో తీసిన స్క్రీన్ ఫొటోతో పని జరగదు.

వివరాలతో పెట్టిన ఒక్క ఫిర్యాదు, మీ తర్వాత అదే ఎర్రర్ చూడబోయే ఇంకెంతోమందికి దారి చూపిస్తుంది. రివ్యూకి రెండు రోజుల ముందు అదే లైబ్రరీతో కుస్తీ పట్టే మీ జూనియర్ కూడా అందులో ఉండొచ్చు.