ముదిసిన దీపములు: మురుగునీటి శుద్ధిలో అతినీలలోహిత కిరణములు

నగరవాసులు ప్రతిదినము వాడి విడిచిన నీరు భూగర్భపు గొట్టములగుండ ప్రవహించి, తుదకు ఏ నదిలోనో, చెరువులోనో, సముద్రములోనో కలియక తప్పదు. కలియుటకు ముందు దానిని శుద్ధిచేయుట నగరమునకు కనీసధర్మము. శుద్ధికేంద్రములో మొదట జల్లెడలు చెత్తను పట్టును. తరువాత ఇసుకయు బురదయు అడుగునకు దిగును. అటుపిమ్మట గాలి నందించిన తొట్లలో, మేలుచేయు సూక్ష్మజీవులే మాలిన్యమును ఆహారముగా గ్రహించును. ఇంతవరకు సాగిన నీటిని గాజుగ్లాసులో పట్టి చూచినచో దాదాపు తేటగనే కనబడును. కాని తేటదనము వేరు, నిరపాయము వేరు. ఆ తేటనీటిలో 100 మిల్లీలీటరులకు మానవుల పేగులనుండి వచ్చిన బాక్టీరియా వేలకొలది, ఒక్కొక్కప్పుడు లక్షలకొలది ఉండును. వానిని నిర్వీర్యము చేయు కడపటి మెట్టును గూర్చియు, ఆ మెట్టున పనిచేయు దీపములు, యంత్రములు ముదిసినపుడు ఏమి చేయవలెనను విషయమును గూర్చియు ఈ ప్రసంగమున ముచ్చటింతము.

చిరకాలముగా ఈ పనికి క్లోరిను వాడుకలో నున్నది. అది చవక, నమ్మదగినది. అయినను దానితో కొన్ని చిక్కులు కలవు. నీటిలో మిగిలిన క్లోరిను చేపలకు విషము. కావున నదిలోనికి వదలుటకు ముందు మరియొక రసాయనము కలిపి దానిని తొలగింపవలెను. క్లోరిను వాయువును పెద్ద సిలిండర్లలో తెచ్చి నిలువచేయుట చుట్టుప్రక్కల కాపురమున్న వారికి భయకారణము. నీటిలోని సేంద్రియ పదార్థములతో క్లోరిను కలిసినపుడు క్లోరోఫాం వంటి అవాంఛనీయ పదార్థములు పుట్టునని 1974లో నెదర్లాండ్సు దేశపు రసాయనవేత్త రూక్ వెల్లడించెను. 1993లో అమెరికాలోని మిల్వాకీ నగరమున క్రిప్టోస్పోరిడియం అను పరాన్నజీవి త్రాగునీటిలో చేరి సుమారు నాలుగు లక్షలమందిని జబ్బుపరచెను. ఆ జీవి ధరించు గట్టి కవచమునకు క్లోరిను లొంగదు. అతినీలలోహిత కిరణములకు మాత్రము అది సులభముగా లొంగును.

సూర్యరశ్మికి క్రిములను చంపు గుణమున్నదని మన పెద్దలు అనుభవమువలన ఎరుగుదురు. పరుపులు, ధాన్యము ఎండలో వేయుట మన యింటి ఆచారమే గదా! ఈ గుణమును ప్రయోగపూర్వకముగా 1877లో ఇంగ్లండులో డౌన్స్, బ్లంట్ అను నిరువురు నిరూపించిరి. పాదరసపు ఆవిరితో వెలుగు దీపములు వచ్చిన పిదప, 1910లో ఫ్రాన్సులోని మార్సెయ్ నగరమున త్రాగునీటిని ఈ కిరణములతో శుద్ధిచేయు ప్రయత్నము జరిగెను. అల్పపీడన పాదరస దీపమునుండి ముఖ్యముగా 254 నానోమీటర్ల తరంగదైర్ఘ్యముగల కిరణము వెలువడును. జీవకణములలోని డి.ఎన్.ఎ. పదార్థము సరిగా ఆ ప్రాంతపు కిరణములనే గట్టిగా పీల్చుకొనును. పీల్చుకొన్నపుడు దానిలో ప్రక్కప్రక్కననున్న థైమీన్ అణువులు ఒకదానితో ఒకటి అతుకుకొనును. అంతట ఆ సూక్ష్మజీవి తన సంతతిని పెంచుకొనజాలదు. సంతతి పెరుగనిదే రోగము కలుగదు.

శుద్ధికేంద్రములో ఈ దీపములను ఒక కాంక్రీటు కాలువలో వరుసలుగా ముంచి యుంచుదురు. మామూలు గాజు ఈ కిరణములను అడ్డగించును గనుక ఒక్కొక్క దీపమునకు క్వార్ట్జు గొట్టమును తొడుగుదురు. మన యిండ్లలోని ట్యూబులైటునకు చోకు ఉన్నట్లే ప్రతి దీపమునకును విద్యుత్తును క్రమపరచు బాలాస్టు ఉండును. గొట్టములపై పేరుకొను మడ్డిని తుడుచుటకు తుడుపులు, కిరణతీవ్రతను కొలుచుటకు సెన్సారు, కాలువలో నీటిమట్టమును నిలుపుటకు తలుపు అమర్చబడును. ఈ మట్టము మిక్కిలి ముఖ్యము. నీరు తగ్గినచో పైవరుస దీపములు గాలిలో తేలి వేడెక్కును. పెరిగినచో దీపములపైనుండి కొంత నీరు శుద్ధిపొందకయే దాటిపోవును.

కిరణముల తీవ్రతను, నీరు వాని యెదుట గడపిన కాలముతో హెచ్చవేయగా వచ్చునదే మోతాదు. చదరపు సెంటీమీటరునకు 5 మిల్లీవాట్ల తీవ్రతలో నీరు 6 సెకండ్లు నిలిచినచో 30 మిల్లీజౌళ్ల మోతాదు లభించును. అమెరికా పర్యావరణ సంస్థ త్రాగునీటికై 2006లో ప్రకటించిన పట్టిక ననుసరించి, క్రిప్టోస్పోరిడియంను పదివేలలో ఒకటికి తగ్గించుటకు 22 మిల్లీజౌళ్లు చాలును. వైరసులను ఆ మేరకే తగ్గించుటకు 186 కావలెను. శత్రువునుబట్టి ఆయుధబలము మారుచున్నదన్నమాట.

ఇక ముదిమి సంగతి. సంవత్సరమునకు 8,760 గంటలు. ఇప్పటి మేలురకపు దీపమునకు సుమారు 12,000 గంటల ఆయుర్దాయమున్నదనుకొన్నచో, ఎడతెగక వెలిగినపుడు అది 500 దినములు మాత్రమే. అటుపిమ్మట దీపము ఆరిపోవునా? ఆరిపోదు. అక్కడనే మోసమున్నది. మన కంటికి కనబడు నీలివెలుగు ఎప్పటివలెనే ఉండును; క్రిములను అణచు కిరణము మాత్రము కన్నులకు కనబడదు, అది క్రమముగా క్షీణించును. దీపము వెలుగుచున్నది గదా యని నిశ్చింతగా ఉండరాదు. అందుచేతనే దీపములను గంటల లెక్కను చూచి మార్చుదురు.

దీపము ఒక్కటే ముదియదు. నీటిలోని ఇనుము, సున్నపు లవణములు వేడి గొట్టముపై పొరగా పేరుకొనును. తుడుపుల రబ్బరు అరిగిన పిదప ఆ పొర పూర్తిగా వదలదు. దీపము తన తొలిశక్తిలో నూటికి 85 పాళ్లు, గొట్టము నూటికి 80 పాళ్లు మాత్రమే అందించుచున్నవనుకొందము. ఆ రెంటిని హెచ్చవేసినచో నీటికి చేరునది 68 పాళ్లే. సెన్సారు కూడ ముదిసినచో ఈ కొరతను అది చూపనే చూపకపోవచ్చును. దీనికి తోడు నీటి స్వభావము. ఒక సెంటీమీటరు నీటిని దాటునప్పటికి కిరణములో నూటికి 65 పాళ్లు మిగిలినచో, మూడు సెంటీమీటర్లు దాటునప్పటికి మిగులునవి 27 పాళ్లు. అద్దకపు పరిశ్రమలో, మరేవో మురుగులో కలిసి ఆ 65 కాస్తా 55 అయినచో, మూడు సెంటీమీటర్లవద్ద 17 పాళ్లే మిగులును. యంత్రము అదే, విద్యుత్తు వ్యయము అదే; రక్షణ మాత్రము అది కాదు.

సాధారణముగా ఇట్టి యంత్రసముదాయము పదునైదు, ఇరువది సంవత్సరములు సేవచేయును. ఆ తరువాత బాలాస్టులు తరచుగా చెడును. తయారుచేసిన కంపెనీ ఆ నమూనాను మానివేయుటచే విడిభాగములు దొరకవు. ఒక వరుసను బాగుచేయుటకు మరియొక వరుసలోని భాగములను ఊడదీయవలసివచ్చును. ఈ దశ వచ్చినదనగా అతుకులు చాలించి మార్పిడికి పూనుకొనవలెనని గ్రహింపవలెను.

క్రొత్తయంత్రమును ఎన్నుటకు ముందు నీటిని కనీసము ఒక సంవత్సరమంతయు పరీక్షించుట మేలు. వానకాలపు నీరు, వేసవి నీరు ఒకటి కావు. ప్రవాహము అత్యధికముగా నున్న గంటను, పారదర్శకత అత్యల్పముగా నున్న గంటను లెక్కలోనికి తీసికొనవలెను. తరువాత దీపపు జాతి. మధ్యపీడన దీపములు ఒక్కొక్కటి మిక్కిలి శక్తిగలవి. కావున కొద్దిదీపములతో, కొద్దిచోటులో పని నడచును. కాని అవి పుచ్చుకొను విద్యుత్తులో నూటికి పది, పదునైదు పాళ్లు మాత్రమే పనికివచ్చు కిరణముగా మారును. అల్పపీడన దీపములలో ఇది సుమారు 35 పాళ్లు. దీపముల సంఖ్య, చోటు పెరిగినను విద్యుత్తు బిల్లు తగ్గును. పాతకాలువలో క్రొత్తవరుసలు ఇముడునా, నీటి వాలు చాలునా అనునది ఇంజనీర్ల ముందున్న కఠినసమస్య. కంపెనీవారి మాటను మాత్రమే నమ్మక, హానిచేయని ఎం.ఎస్.2 అను వైరసును నీటిలో కలిపి, యంత్రమును దాటిన పిదప అది ఎంత తగ్గినదో చూచి మోతాదును ధ్రువపరతురు.

అన్నిటికంటె కష్టమైనది వేరొకటి. మురుగునీరు ఆగదు. నగరము ఒక్కదినము స్నానము మానదు, వంట మానదు. కావున ఒక కాలువను మూసి మార్చునపుడు మిగిలిన కాలువలు మొత్తము భారమును మోయగలుగవలెను. లేనిచో తాత్కాలిక దీపములనో, కొంతకాలము క్లోరినునో వాడవలెను. షికాగో ప్రాంతపు ఓబ్రియన్ కేంద్రము 2016నుండి ఈ కిరణములను వాడుచున్నది. అచట మార్చి మొదలు నవంబరు వరకే క్రిమినాశనము జరుగును. అట్టి చలిదేశములలో శీతకాలము మరమ్మతునకు విరామమిచ్చును. సంవత్సరము పొడుగునను జనులు నీటిలో దిగు దేశములకు ఆ సౌకర్యము లేదు.

న్యూజీలాండులోని ఆక్లండు నగరపు చరిత్ర ఇచట ఆలోచింపదగినది. అచటి మాంగెరె కేంద్రము 1960లో ప్రారంభమైనపుడు సుమారు 500 హెక్టార్ల ఆక్సిడేషను చెరువులుండెను. ఎండయు, గాలియు, నాచుమొక్కలును అందు శుద్ధిచేయుచుండెడివి. 2000 తరువాతి కొద్ది సంవత్సరములలో ఆ చెరువులను తొలగించి, మనుకౌ అఖాతపు తీరమును తిరిగి సముద్రమునకు, పక్షులకు అప్పగించిరి. క్రిమినాశనమునకు అతినీలలోహిత దీపములను నిలిపిరి. సూర్యుడు విశాలమైన చెరువులపై దినములకొలది చేసిన పనిని దీపములు ఇరుకుకాలువలో క్షణములలో చేయుచున్నవి. కాని సూర్యునకు విడిభాగములు అక్కరలేదు, దీపములకు కావలెను. చెరువులను తీసివేసిన నగరము దీపముల ఆరోగ్యమును నిత్యము కనిపెట్టియుండక తప్పదు.

ఈ కిరణములకుగల పరిమితులను కూడ మరువరాదు. కాలువ దాటిన నీటిలో వాని ప్రభావము మిగులదు. గాయపడిన బాక్టీరియా కొన్ని మామూలు వెలుతురులో తిరిగి కోలుకొనునని 1949లో కెల్నర్ కనుగొనెను; కావున మోతాదు కొంత అధికముగనే ఉండవలెను. నలకలచాటున దాగిన క్రిమిని కిరణము చేరదు. విద్యుత్తు పోయినచో రక్షణయు పోవును. దీపములలో పాదరసమున్నది గనుక పాతవానిని చెత్తకుప్పలో పారవేయక, పాదరసమును వేరుచేయు సంస్థలకు అప్పగింపవలెను. వెలుగుచున్న దీపమును సూటిగా చూచినచో కన్నులకు, చర్మమునకు హాని కలుగును. పనివారికి ముఖకవచములు అవశ్యము. పాదరసము లేని ఎల్.ఇ.డి. దీపములు వచ్చుచున్నను, వాని సామర్థ్యము తక్కువగుటచే పెద్దకేంద్రములలో పాదరస దీపముల స్థానమును అవి ఇంకను ఆక్రమింపలేదు.

మన దేశమున 2017లో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన నియమము ప్రకారము, శుద్ధికేంద్రమునుండి వెలువడు 100 మిల్లీలీటరుల నీటిలో మలసంబంధమైన కోలిఫాం బాక్టీరియా 1,000కి మించరాదని విధింపబడెను. హైదరాబాదు దిగువన మూసీనీటితో పశుగ్రాసమును, ఆకుకూరలను పండించు రైతులు ఆ నీటిలోనే మోకాళ్లవరకు దిగి పనిచేయుదురు. నగరము విడిచిన నీరు వారి కాళ్లను తాకి, వారు కోసిన ఆకుకూరతో తిరిగి నగరపు వంటయింటికే వచ్చును. క్లోరినుతో శుద్ధిచేసినను, కిరణములతో శుద్ధిచేసినను కడపటిమెట్టున ఏమరుపాటు కూడదనుటకు ఇంతకన్న వేరు నిదర్శనమేల?

క్రొత్తకేంద్రమును ప్రారంభించునపుడు పూలమాలలు, ఉపన్యాసములు ఉండును. పదునైదేండ్ల తరువాత దీపములు మార్చుటకు ఉత్సవము జరుగదు. అందుచే ఆ ఖర్చు బడ్జెటులో వెనుకకు నెట్టబడుచుండును. పౌరులుగా మనము అడుగవలసిన ప్రశ్నలు మూడు. దీపములు ఎన్ని గంటలు వెలిగినవి? నీటి పారదర్శకతను ఎవరు, ఎంత తరచుగా కొలుచుచున్నారు? యంత్రము ముదిసినపుడు మార్చుటకు ధనము ప్రతియేట ప్రక్కన పెట్టుచున్నారా? ఈ మూటికి సరియైన సమాధానము లభించుచోట నదియు, నది దిగువన వసించు ప్రజలును సురక్షితులని మనము నమ్మవచ్చును.