కడుపులో సెల్‌ఫోను

2022 జనవరి 5న ఢిల్లీ తిహార్ జైల్లో వార్డర్లు సోదాకి వస్తుంటే, ఒక ఖైదీ తన దగ్గరున్న సెల్‌ఫోనును మింగేశాడు. సుమారు పది రోజుల తర్వాత జీబీ పంత్ ఆసుపత్రి డాక్టర్లు పొట్ట కోయకుండా, ఎండోస్కోపీ గొట్టం వేసి నోటి దారినే దాన్ని బయటికి తీశారు. వార్త చదివి నవ్వుకున్నవాళ్లే ఎక్కువ. నన్ను పట్టుకున్న ప్రశ్న వేరు. అన్ని రోజులు అది కిందికి ఎందుకు దిగలేదు?

మింగిన వస్తువుకి మొదటి గండం అన్నవాహిక. అది దాటి జీర్ణాశయంలో పడితే సగం భయం తీరినట్టే. రెండో గండం జీర్ణాశయం చివరనుండే కండరాల ద్వారం. రెండున్నర సెంటీమీటర్లకి మించి వెడల్పున్నదాన్ని అది మామూలుగా పోనివ్వదు. అది దాటినా చిన్నపేగు మొదట్లో కొడవలిలాంటి వంపు ఉంటుంది. ఆరు సెంటీమీటర్లు దాటిన చెంచా, టూత్‌బ్రష్ లాంటివి ఆ మలుపు తిరగలేవు. ఫోనుకి ఈ దారిలో చోటెక్కడిది?

చిన్నవి చాలావరకు వాటంతటవే మలంతో పోతాయి. పిల్లవాడు నాణెం మింగితే మన ఇళ్లలో అరటిపండ్లు తినిపిస్తారు. నాణెం బయటికొస్తుంది, పేరు మాత్రం అరటిపండుకి దక్కుతుంది! నిజానికి ఎండోస్కోపీ చేయాల్సి వస్తే నిండు పొట్టే ప్రమాదం. మత్తులో ఉండగా తిన్నది ఎగదన్ని ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

కొన్నింటి విషయంలో ఎదురుచూడటానికి వీల్లేదు. గుండీ బ్యాటరీ అన్నవాహికలో ఇరుక్కుంటే, అందులోంచి పారే కరెంటు వల్ల అక్కడి తడిలో ఘాటైన క్షారం పుట్టి రెండు గంటల్లోనే గోడని కాల్చడం మొదలెడుతుంది. ఎక్స్‌రేలో అది నాణెంలాగే కనిపిస్తుంది, అంచున రెండో వలయం ఉందేమో చూసి పోల్చుకోవాలి. బ్లేడులాంటి పదునైనదాన్ని లాగేటప్పుడు గొంతు చీరుకోకుండా మరో వెడల్పాటి గొట్టాన్ని కవచంగా వాడతారు. మాదకద్రవ్యాల పొట్లమైతే మాత్రం ఎండోస్కోపీ జోలికే పోరు. అది లోపల పగిలితే ప్రాణం మీదికొస్తుంది.

జైలు నుంచి వచ్చిన రోగికి ఇంకో చిక్కుంది. బయటి గాలి కోసం నాటకమాడుతున్నాడని ఎస్కార్టు పోలీసులకి అనుమానం, ఒక్కోసారి డాక్టరుకీ అదే అనుమానం. ఎక్స్‌రేలో ఏమీ లేకపోతే అనుమానం బలపడుతుంది. కానీ ప్లాస్టిక్కు, చెక్క ఎక్స్‌రేకి చిక్కవు. అలాంటప్పుడు సీటీ స్కాను తీయాలి. ఎందుకు మింగాడన్నది తర్వాత తేల్చుకోవచ్చు, ముందు తేల్చాల్సింది ఏం మింగాడన్నదే. ఆ 'ఎందుకు'ని అసలే వదిలేస్తే అదే మనిషి అదే మంచం మీదికి మళ్లీ వస్తాడు. ఫోను దాచడానికి మింగినవాడూ, దుఃఖం పట్టలేక బ్లేడు మింగినవాడూ ఒకటి కాదు. రెండోవాడికి ఎండోస్కోపీతో పాటు మానసిక వైద్యుడూ కావాలి.

బయటివాళ్లకి అందే వైద్యమే ఖైదీకీ అందాలని 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మండేలా నియమాలు చెబుతున్నాయి. గువాహటి ఆసుపత్రిలో నిర్బంధితులని మంచాలకి బేడీలతో కట్టేసిన ఉదంతంపై మన సుప్రీంకోర్టు 1995లోనే తీవ్రంగా స్పందించి, మేజిస్ట్రేటు అనుమతి లేకుండా బేడీలు వేయొద్దంది.

అనుమానం ఖరీదెంతో చెప్పే పాత కేసొకటి వైద్య చరిత్రలో ఉంది. జాన్ కమింగ్స్ ఖైదీ కాదు, అమెరికన్ నావికుడు. 1799లో ఫ్రాన్సులో గారడీవాడొకడు కత్తులు మింగినట్టు నటించడం చూసి, ఆ రాత్రి తాగిన మైకంలో తానూ మింగగలనన్నాడు. మడత కత్తులు నిజంగానే మింగాడు. కొన్ని బయటికొచ్చాయి. 1805లో మళ్లీ రెండుసార్లు పందేనికి దిగాడు. రెండోసారి మింగిన కత్తులు లోపలే ఉండిపోయాయి. కడుపునొప్పితో లండన్ గైస్ ఆసుపత్రికి వెళితే, అక్కడి పెద్ద డాక్టర్లు మొదట అతని మాట కొట్టిపారేశారు. 1809లో చనిపోయాక కోసి చూస్తే జీర్ణాశయంలో ఆమ్లం తినేసిన కత్తి ముక్కలు ముప్ఫైకి పైగా దొరికాయి.