భాగ్యమునకు గణితము

దేశములోని ధనమంతయు నేడు సమముగా పంచిపెట్టినను కొలది యేండ్లలో ధనికులును దరిద్రులును మరల నేర్పడుదురని పలువురు చెప్పుట కద్దు. దీనికి బుద్ధిబలము, శ్రమ, పొదుపు కారణములని వారి తలంపు. ఇవి యేవియు లేకున్నను భేద మేర్పడునని గణితము చూపుచున్నది. పాఠకులు దీనిని శ్రద్ధగా పరికింతురుగాక.

ప్రతి బేరములోను వెల కొంత హెచ్చుగానో తగ్గుగానో పడును. ఒకని లాభము రెండవవాని నష్టము. లాభమెవరిదో బొమ్మాబొరుసు వేసి తేల్చుదము. పందెము ఇరువురిలో పేదవాని ఆస్తిలో అయిదవవంతు. మోసము లేదు, పక్షపాతము లేదు. 100 రూపాయలవాడు తనకంటె ధనికులతో నాడి మొదట గెలిచినచో 120 అగును. పిమ్మట ఓడినచో 24 పోయి 96 మిగులును. ముందోడి పిదప గెలిచినను 96 మాత్రమే. గెలుపోటములు సమానమే, నాలుగు రూపాయలు మాత్రము లేవు! ఏబది గెలుపులును ఏబది ఓటములును గడచునప్పటికి వానిచేత మిగులునవి 13 రూపాయలు. తక్కినది నశింపలేదు, వరుసగా గెలిచిన కొలదిమందిని చేరినది. ఆట యెడతెగక సాగినచో ధనమంతయు ఒక్కనియొద్దనే గడ్డకట్టును. ఈ విషయమును 2002లో అనిర్బన్ చక్రబర్తి చూపగా, పిమ్మట అమెరికాలో బ్రూస్ బోగోసియన్ ప్రభృతులు గణితరీత్యా స్థాపించిరి.

నియమము మారినచో ఫలమును మారును. బేరమునకొక్క రూపాయి మాత్రమే చేతులు మారు పద్ధతిని 2000లో ద్రాగులెస్కు, యకొవెంకో పరిశీలించిరి. అందు ధనము ఒక్కనికి చిక్కదు. ఐనను నూటికి 63 మంది సగటుకంటె తక్కువవారే. వాయువులోని అణువులు శక్తిని పంచుకొను తీరును ఇట్టిదే. ఆ యేడే కలకత్తాలోని సాహా పరిశోధనాసంస్థలో చక్రబర్తియు, బికాస్ చక్రబర్తియు, ప్రతివాడును తన ధనములో కొంత పాలు బేరమునకు పెట్టక దాచుకొన్నచో నిరుపేదలు తగ్గుదురని కనుగొనిరి.

ఈ లెక్కలలో పంట పండదు, మగ్గమాడదు, కూలి లేదు. కావున లోకమంతయు నిదియే యనుట సాహసము. కాని సంపద పోగుపడుటయే యోగ్యతకు సాక్ష్యమను వాదమునకు మాత్రము ఇక నిలువ నీడలేదని మా యభిప్రాయము.

నివారణమును ఆ గణితమే చెప్పినది. ప్రతివాని ఆస్తినుండి కొంచెము పన్ను తీసి అందరికిని సమముగా పంచినచో, అది యెంత స్వల్పమైనను, ధనము ఒక్కచోట గడ్డకట్టదు. ఐతే నాణెము నిష్పక్షపాతముగా నుండవలెను. చౌకవడ్డీ అప్పు, పేరుమోసిన వకీలు ధనికునికే లభించుచోట నాణెము అతనివైపు మొగ్గును. పన్ను ఆ మొగ్గునకు చాలనిచో, సంపదలో కొంత భాగము మరల ఒక్కని పాలే యగును.