తుంటి ఆపరేషను తర్వాత మిగిలే తిమ్మిరీ, మంటా



తుంటి కీలు మార్చే ఆపరేషను ఇప్పుడు మన ఇళ్లలో కొత్త మాట కాదు. స్నానాల గదిలో జారిపడి తుంటి విరిగిన పెద్దావిడకో, కీలు అరిగిపోయి అడుగు తీసి అడుగు వెయ్యలేని అత్తగారికో, తొడ ఎముక తలకు రక్తం అందక అది దెబ్బతిన్న నడివయసు మనిషికో ఈ ఆపరేషను చేస్తున్నారు. చాలామందిని మర్నాడే లేపి నిలబెడతారు. కొద్దిరోజులకు వాకరు పట్టుకుని ఇంట్లో తిరుగుతుంటే, చూడవచ్చినవాళ్లంతా "అబ్బ, ఎంత బాగా నడుస్తున్నారండీ!" అంటారు. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు.

రెండు మూడు నెలలు గడిచాక ఆవిడ ఒక మాట అంటుంది. "నడక బాగానే ఉందమ్మా. కానీ తొడ మీద చెయ్యి వేస్తే అది నా తొడ కానట్టుంది. చీర తగిలితే మంట. రాత్రిళ్లు చీమలు పాకుతున్నట్టుంటుంది." ఎక్స్ రే తీయిస్తాం. కీలు చక్కగా కూర్చుందంటారు. దాంతో ఇంట్లోవాళ్లు, "ఫోటోలో ఏమీ లేదుగా, నీదంతా అనుమానం" అని తేల్చేస్తారు. ఆవిడ మళ్లీ నోరెత్తదు. అది అనుమానం కాదని చెప్పడానికే ఈ ప్రసంగం. ఎక్స్ రేలో ఎముకా, లోహమూ కనిపిస్తాయిగాని, చర్మం కింది నరాలు కనిపించవు.

ముందు ఈ "నరం" అనే మాట సంగతి చూద్దాం. చేతి మీద నీలంగా తేలిన రక్తనాళాన్నీ మనం నరమే అంటాం. ఒంట్లో నీరసంగా ఉంటే "నరాల బలహీనత" అనేస్తాం. నేను చెప్పే నరం అది కాదు. స్పర్శ, నొప్పి, వేడి, చల్లదనం - వీటి కబురు మెదడుకు చేరవేసే సన్నని తీగ. మెదడునుంచి కండరానికి "కదులు" అని ఆజ్ఞ తెచ్చే నరాలు కూడా ఉన్నాయి. ఈ రెంటికీ తేడా తెలిస్తే సగం భయం పోతుంది.

తుంటి కీలు అంటే గిన్నెలో తిరిగే బంతి. 1962లో ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ అనే సర్జను లోహపు బంతినీ, గట్టి ప్లాస్టిక్ గిన్నెనూ జతచేసి, ఏళ్ల తరబడి నిలిచే పద్ధతి తెచ్చాడు. ఈనాటి ఆపరేషన్లకు అదే దారి చూపింది. ఆ లోహానికీ ప్లాస్టిక్కుకూ నొప్పి తెలియదు. కానీ అక్కడికి చేరాలంటే చర్మం, కొవ్వు, కండరాల పొరలు దాటుకుని వెళ్లాలి. చర్మంలో దారపు పోగుల్లాంటి నరాలు ఎన్నో ఉంటాయి. ఎంత చెయ్యితిరిగిన సర్జను కోసినా వాటిలో కొన్ని తెగక తప్పదు. అందుకే గాటు చుట్టూ కొంతమేర మొద్దుబారుతుంది. ఇది ఆపరేషను చెడిందనడానికి గుర్తు కాదు.

గాటు ఎక్కడ పెట్టారన్నదాన్నిబట్టి కూడా బాధ మారుతుంది. కొందరు సర్జన్లు వెనకనుంచి, కొందరు పక్కనుంచి, కొందరు ముందువైపునుంచి కీలు దగ్గరికి వెళతారు. ముందువైపు గాటు పెట్టినవాళ్లకు తొడ ముందు భాగమూ, బయటి వైపూ మొద్దుబారడం ఎక్కువగా చూస్తాం. అక్కడి చర్మానికి స్పర్శ ఇచ్చే నరం ఒకటి, నడుము కింద ముందువైపు చేతికి తగిలే ఎముక మొన పక్కనుంచి తొడలోకి దిగుతుంది. ఆపరేషనులో అది సాగినా, ఒత్తుకుపోయినా తిమ్మిరి, మంట వస్తాయి. ఆ నరానికి కాలిని కదిలించే పని లేదు. కాబట్టి దానివల్ల కాలు చచ్చుబడదు.

వెనకవైపు పోయే పెద్ద నరం సంగతి వేరు. అది కాలిని నడిపించే నరం కూడా. అది దెబ్బతినడం అరుదు. తింటే మాత్రం పాదం పైకి లేవక వేలాడుతుంది, చెప్పు జారిపోతుంది. అలా అనిపిస్తే ఆ రోజే డాక్టరుకు చెప్పాలి.

ఇక ఇది ఎన్నాళ్లుంటుంది? తెగిన నరం తిరిగి పెరిగేది సుమారు రోజుకు 1 మిల్లీమీటరు, అంటే నెలకు ఒక అంగుళం. మన తలవెంట్రుక కంటే వేగమే, అయినా నెమ్మదే. అలా పెరుగుతూ ఉన్నప్పుడే చీమలు పాకినట్టు, సూదులు గుచ్చినట్టు, ఉన్నట్టుండి కరెంటు తగిలి జిల్లుమన్నట్టు ఉండటం కద్దు. పైన కనిపించే కుట్లు రెండు వారాలకు తీసేసినా, మచ్చ ముదిరి మెత్తబడటానికి ఏడాది, ఒక్కొక్కరికి ఏడాదిన్నర పడుతుంది. మొదటి నెలల్లో ఎర్రగా, గట్టిగా, దురదగా ఉండి, క్రమంగా పాలిపోతుంది. తిమ్మిరి ఉన్నచోటు కూడా నెలనెలా చిన్నదవుతూ వస్తుంది. కొందరికి అరచేయంత జాగా ఎప్పటికీ మొద్దుగానే ఉండిపోవచ్చు. దానికి చాలామంది అలవాటు పడతారు.

ఇంట్లో మనం చెయ్యగలిగినవి చెబుతాను.

మొదటిది, మచ్చను మర్దించడం. పుండు పూర్తిగా మాని, పెచ్చులు రాలిపోయి, సర్జను సరేనన్నాకే మొదలుపెట్టాలి. వేళ్ల కొసలకు కొంచెం కొబ్బరినూనె రాసుకుని, చర్మం అడుగుపొర మీద జరిగేటంత ఒత్తిడితో గుండ్రంగానూ, నిలువుగానూ, అడ్డంగానూ రుద్దాలి. పూటకు 5 నిమిషాలు, రోజుకు రెండు పూటలు చాలు. దీనితో మచ్చ లోపలికి అంటుకుపోకుండా సాగుతుంది. మచ్చ ఉబ్బెత్తుగా లేస్తుంటే సిలికాను జెల్ గురించి డాక్టరును అడగండి. పచ్చిపుండు మీద పసుపు ముద్దలూ, ఆకు పసర్లూ వద్దు.

రెండవది, చర్మానికి స్పర్శ మళ్లీ అలవాటు చెయ్యడం. గుడ్డ తగిలితేనే మంట అనేవారికి ఇది పనికొస్తుంది. మొదట దూదితో లేదా పాత పట్టుగుడ్డతో నెమ్మదిగా నిమరాలి. అది ఓర్చుకోగలిగాక మెత్తని నూలుచీర కొంగుతో, ఆ తర్వాత గరుకు తుండుగుడ్డతో నిమరాలి. రోజుకు మూడు నాలుగు సార్లు, రెండేసి నిమిషాలు. ఇది ప్రమాదం కాదని నరానికీ, మెదడుకూ మళ్లీ నేర్పడమన్నమాట.

మూడవది మన ఆడవాళ్లకే సంబంధించింది: లంగా బొందు. మా పెద్ద వదినగారు పగలంతా తొడ మంటనేవారు, రాత్రి నైటీలో ఉంటే తగ్గేది. ఫిజియోథెరపీ చేయించే అమ్మాయి, "అమ్మగారూ, బొందు ఎక్కడ ముడేస్తారు?" అని అడిగింది. చూస్తే, జారిపోతుందని కిందికి, బిగించి, ఆ ఎముక మొన మీదనే ముడి! బొందు తీసి వెడల్పాటి పట్టీ కుట్టించి, కాస్త పైకి కట్టుకోమంది. నెలలోపే మంట బాగా తగ్గింది. అందరికీ ఇంత తేలిగ్గా పోతుందనను, కానీ ఖర్చులేని పని, చేసి చూడండి.

నాలుగవది, చెయ్యకూడని పని. నొప్పి అనగానే మనకు కాపడం గుర్తొస్తుంది. మొద్దుబారిన చర్మానికి వేడి తెలియదు. వేడినీళ్ల సంచి కాలుతున్నా ఆవిడకు తెలియదు. బొబ్బలెక్కాక మనం చూస్తాం. షుగరు ఉన్నవాళ్లకు ఆ బొబ్బ పుండైతే మానడం కష్టం. కాబట్టి తిమ్మిరి ఉన్నచోట కాపడాలూ, వేడినూనెలూ, ఐసు ముక్కలూ వద్దు. పక్కకు తిరిగి పడుకునేటప్పుడు మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుంటే మచ్చ మీదా, కీలు మీదా లాగుడు తగ్గుతుంది.

మందుల మాటకొస్తే, నరాల మంటకు మామూలు నొప్పిబిళ్లలు అంతగా పనిచెయ్యవు. అవి మింగీ మింగీ కడుపులో మంట తెచ్చుకోవడమే. దీనికి గాబాపెంటిన్, ప్రీగాబాలిన్, అమిట్రిప్టిలిన్ వంటి మందులు వేరే ఉన్నాయి. పక్కింటావిడ చీటీ చూపించి కొట్లో కొనకండి. వీటితో మత్తుగా, తల తిరిగినట్టుగా ఉంటుంది. రాత్రి లేచి పడితే కొత్త కీలుకే ముప్పు. వయసు, మూత్రపిండాల పనితీరు చూసి డాక్టరే మోతాదు చెప్పాలి. షుగరు హెచ్చుగా ఉన్నా, బి12 విటమిను తక్కువైనా నరాల బాధ ఎక్కువవుతుంది కనుక ఆ రెండు పరీక్షలూ చేయించడం మంచిది. నొప్పి మోకాలు దాటి పాదం దాకా దిగుతుంటే, అది నడుము ఎముకలనుంచి వస్తున్నదేమో కూడా చూడమనండి.

ఆపరేషను తర్వాత నొప్పి నిలిచిపోయేవాళ్లు తక్కువేమీ కాదు. 2012లో ఇంగ్లండులోని బ్రిస్టల్ పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కూర్చి చూస్తే, తుంటి మార్పించుకున్నవారిలో నూటికి 7 నుంచి 23 మంది దాకా చాలాకాలం నొప్పి చెప్పినట్టు తేలింది. అంటే మీ ఇంటి పెద్దావిడ ఒంటరిది కాదు.

అయితే అన్ని నొప్పులనూ "నరాలదేలే" అని సరిపెట్టడమూ తప్పే. జ్వరం, మచ్చనుంచి చీము లేక నీరు కారడం, ఎరుపు పాకడం, తగ్గిన నొప్పి మళ్లీ పెరగడం - ఇవి లోపల చీము పట్టిందనడానికి గుర్తులు కావచ్చు. ఏళ్ల తరవాత కూడా రావచ్చు. బరువు మోపినప్పుడల్లా గజ్జలోనో తొడలోనో నొప్పి అంటే కీలు వదులైందేమో చూడాలి. పిక్క వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా, ఉన్నట్టుండి కాలు పొట్టిదైనట్టు మెలిపడినా, క్షణం ఆగకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

చివరగా ఒక్క చిన్న పని చెయ్యండి. డాక్టరు గదిలో రెండు నిమిషాలే దొరుకుతాయి. అక్కడ "బాగానే ఉందండీ" అని వచ్చేస్తారు పెద్దవాళ్లు. అందుకని ముందే ఒక కాగితం మీద రాసిపెట్టండి: ఎక్కడ, ఎప్పుడు, మంటా తిమ్మిరా పోటా, ఏం చేస్తే ఎక్కువవుతోంది, ఏం చేస్తే తగ్గుతోంది. తిమ్మిరి ఉన్నచోటు చుట్టూ నెలకొకసారి పెన్నుతో గీత గీసి, టేపుతో కొలిచి తారీకు వెయ్యండి. చోటు తగ్గుతుంటే ఆవిడకు ధైర్యం. తగ్గకపోయినా, పెరిగినా డాక్టరుకు చూపించడానికి రుజువు. ఆ కొలత తీసేటప్పుడైనా, "ఎలా ఉందత్తయ్యా?" అని అడిగి, ఆవిడ చెప్పేది పూర్తిగా వినండి.

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)