విహారనౌకలో పానీయాల పద్దు: గ్లాసుల గిట్టుబాటు, కాలేయం ఓపిక

అమెరికాలోని తెలుగు కుటుంబాలకు నౌకావిహారం ఇప్పుడు కొత్త మాట కాదు. టెక్సాస్‌లో ఉన్నవారు గాల్వెస్టన్ రేవునుండి, ఫ్లోరిడా చేరగలిగినవారు మయామీ, పోర్ట్ కెనావెరల్ రేవులనుండి కరీబియన్ సముద్రంలోకి బయలుదేరుతారు. టికెట్టు ధరలోనే గది, భోజనం, వినోద కార్యక్రమాలు చాలావరకు చేరి ఉంటాయి. చేరని ఖర్చులలో ముఖ్యమైనది పానీయాలది. టికెట్టు కొన్న కొద్ది రోజులకే నౌకాసంస్థనుండి ఒక ప్రతిపాదన వస్తుంది: రోజుకు ఇంత చొప్పున ముందుగా చెల్లిస్తే, ప్రయాణం పొడుగునా అడిగిన పానీయమల్లా అందుతుంది. చౌకగా దొరికిన టికెట్టు విషయంలో ఈ ప్యాకేజీ ధర ఒక్కొక్కసారి ప్రయాణఖర్చుతో పోటీపడుతుంది. చద్దికంటే ఊరగాయ ఘనం అన్న సామెత అప్పుడు గుర్తుకు రాక మానదు.

ఈ ప్యాకేజీ కొనవచ్చునా, కూడదా అన్న ప్రశ్నకు సాధారణంగా ఒక్క భాగహారంతో సమాధానం చెబుతారు. నిజానికి ఇందులో రెండు పద్దులున్నాయి. ఒకటి డాలర్లలో వ్రాసేది. రెండవది ఎథనాలు గ్రాములలో కాలేయం వ్రాసుకునేది. రెండు పద్దులూ ఒకేసారి లాభం చూపినప్పుడే బేరం మంచిదని చెప్పాలి.

నిబంధనల సారం

సంస్థనుబట్టి వివరాలు మారుతున్నా, పెద్ద నౌకలలో సాధారణంగా కనిపించే నిబంధనలు ఇవి. ధర మనిషికి, రోజుకు లెక్కకడతారు. ఒక రోజు కొని మరొక రోజు మానడం కుదరదు. మొత్తం ప్రయాణానికి కొనాలి. దానిపై సేవారుసుము 18 శాతమో, 20 శాతమో కలుస్తుంది. ఒకే గదిలోని పెద్దలలో ఒకరు మద్యం ప్యాకేజీ కొంటే, మిగిలినవారు కూడ కొనాలనే నియమం చాలా సంస్థలలో ఉంది. ఒకరి పేరున కొని ఇద్దరు పంచుకోకుండా ఈ ఏర్పాటు.

ప్యాకేజీ లేనివారు దాహంతో ఉండవలసిన పని లేదు. మంచినీరు, మామూలు కాఫీ, టీ, నిమ్మరసం వంటివి భోజనశాలలలో ఉచితం. నౌకలోని నీటిని గురించి కొందరికి సందేహం ఉంటుంది. సముద్రపు నీటిని ఆవిరిగా మార్చి చల్లబరచడం ద్వారాగాని, రివర్స్ ఆస్మాసిస్ పద్ధతిలోగాని ఉప్పు తొలగించి, క్లోరిన్ లేక బ్రోమిన్ కలిపి పంపిస్తారు. అమెరికా రేవులకు వచ్చే నౌకలలో లీటరు నీటికి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్రిమిసంహారకం మిగిలి ఉండాలన్నది ఆరోగ్యశాఖ నియమం. కనుక సీసానీళ్ళ ఖర్చును చూపించి ప్యాకేజీని సమర్థించుకోవడం అంతగా అతకదు.

గిట్టుబాటు సంఖ్య

లెక్క సులభంగా సాగడానికి కొన్ని ధరలను ఊహించుకోవచ్చు. ప్యాకేజీ రోజుకు 70 డాలర్లు, ఒక మద్యపానీయం 13 డాలర్లు, ప్రత్యేకమైన కాఫీ 5 డాలర్లు, సోడా 4 డాలర్లు, మద్యం లేని కాక్‌టెయిల్ 8 డాలర్లు అనుకుందాం. సేవారుసుము ప్యాకేజీకీ, విడిగా కొన్న గ్లాసుకూ ఒకే శాతంగా ఉంటే, పోలికలో అది రెండు వైపులా కొట్టుకుపోతుంది. చివరి మొత్తానికి మాత్రమే కలిపితే చాలు.

కేవలం మద్యపానీయాలు చూస్తే 70ని 13తో భాగించగా 5.4 వస్తుంది. అంటే రోజుకు ఆరవ గ్లాసుతోగాని ప్యాకేజీ గిట్టదు. ఆ వ్యక్తి ఎలాగూ రెండు కాఫీలు, ఒక సోడా తీసుకునేవాడైతే 14 డాలర్లు తగ్గించాలి. మిగిలిన 56 డాలర్లకు 4.3, అంటే అయిదవ గ్లాసుతో గిట్టుతుంది. ఇక్కడ ‘ఎలాగూ తీసుకునేవాడైతే’ అన్న మాట ముఖ్యం. ఇంట్లో ఎప్పుడూ త్రాగని పానీయాన్ని, ప్యాకేజీ ఉన్నది కదా అని త్రాగి, దాని ధరను లాభం పద్దులో వేసుకోవడం లెక్క కాదు.

నౌక రేవులో ఆగిన రోజున పగలంతా ఊరు చూడడానికే సరిపోతుంది. ఆ రోజు గిట్టుబాటు కావాలంటే సాయంకాలం నుండి రాత్రిలోగా ఆ అయిదు గ్లాసులూ పూర్తికావాలి.

ఒకే గది, ఇద్దరు ప్రయాణికులు

తెలుగు కుటుంబాలలో తరచుగా కనిపించే పరిస్థితి వేరు. భర్త సాయంత్రం ఒకటి రెండు గ్లాసులు తీసుకుంటాడు. భార్యకు ఆ అలవాటు ఉండదు. గదికి ఒకే నియమం కనుక ఇద్దరికీ కలిపి రోజుకు 140 డాలర్లు. భర్త కాఫీ, సోడాలకు 14. భార్య రెండు కాఫీలకు, ఒక మద్యం లేని కాక్‌టెయిల్‌కు 18. ఇవి పోగా మిగిలిన 108 డాలర్లను ఒక్క మనిషి మద్యంతో తీర్చాలి. 108ని 13తో భాగిస్తే 8.3. అంటే రోజుకు తొమ్మిది గ్లాసులు!

అదే దంపతులు ప్యాకేజీ మాని, భర్త రోజుకు రెండు గ్లాసులు మద్యం, పైన చెప్పిన కాఫీలు, సోడా, కాక్‌టెయిల్ విడివిడిగా కొంటే రోజుకు 58 డాలర్లు అవుతుంది. ఏడు రోజులకు 406. 18 శాతం సేవారుసుముతో 479 డాలర్లు. ప్యాకేజీ అయితే ఏడు రోజులకు 980. సేవారుసుముతో 1,156 డాలర్లు. తేడా 677 డాలర్లు.

ఒక గ్లాసులో ఎంత ఎథనాలు?

ఇక రెండవ పద్దు. బీరు, వైను, విస్కీ రుచిలో వేరైనా, వాటిలో పనిచేసే పదార్థం ఒక్కటే: రెండు కార్బన్ పరమాణువులున్న ఎథనాలు. అమెరికాలో ‘ప్రామాణిక పానీయం’ అంటే 14 గ్రాముల ఎథనాలు. 5 శాతం బీరు 355 మిల్లీలీటర్లలోను, 12 శాతం వైను 148 మిల్లీలీటర్లలోను, 40 శాతం విస్కీ 44 మిల్లీలీటర్లలోను ఇంచుమించు ఇంతే ఉంటుంది. రెండు మూడు రకాల మద్యం కలిపిన కాక్‌టెయిల్‌లో ఒక గ్లాసు ఒకటిన్నర, రెండు ప్రామాణిక పానీయాలకు సమానం కావచ్చు. పండ్లరసం, పంచదార చాటున ఆ సంగతి నాలుకకు తెలియదు.

కాలేయం ఎథనాలును ముందుగా ఎసిటాల్డిహైడుగా, తరువాత ఎసిటేటుగా మారుస్తుంది; ఎసిటేటు చివరకు నీరు, కార్బన్ డయాక్సైడుగా ముగుస్తుంది. మొదటి మెట్టుమీద పనిచేసే ఎంజైము పేరు ఆల్కహాలు డీహైడ్రోజినేజు. రక్తంలో ఎథనాలు కొద్దిగా ఉండగానే ఈ ఎంజైము అణువులన్నీ పనిలో నిమగ్నమైపోతాయి. ఆపైన ఎంత వచ్చి చేరినా వేగం పెరగదు. రసాయనశాస్త్రంలో దీనిని శూన్యక్రమ చర్య అంటారు. రేషన్ దుకాణం ముందు వరుస ఎంత పొడవున్నా తూకం వేసే మనిషి ఒక్కడే అయితే ఎలా ఉంటుందో, ఇదీ అలాగే. చన్నీటి స్నానమూ, చిక్కటి కాఫీయూ ఆ తూకం వేగాన్ని పెంచలేవు.

ఈ వేగాన్ని కొలిచి, రక్తంలో ఆల్కహాలును అంచనా కట్టే సూత్రాన్ని ఇచ్చినవాడు స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఎరిక్ విడ్‌మార్క్. 70 కిలోల పురుషుడి కాలేయం సగటున గంటకు సుమారు 7 గ్రాములు తొలగిస్తుంది. అంటే ఒక ప్రామాణిక పానీయానికి రెండు గంటలు. స్త్రీల శరీరంలో నీటి భాగం తక్కువ కనుక అదే గ్లాసు వారి రక్తంలో మరింత గాఢతను కలిగిస్తుంది.

ఇప్పుడు రెండు పద్దులను ప్రక్కప్రక్కన పెట్టవచ్చు. అయిదు గ్లాసులంటే 70 గ్రాములు. కాలేయానికి పది గంటల పని. తొమ్మిది గ్లాసులంటే 126 గ్రాములు. పద్ధెనిమిది గంటల పని. కార్నివాల్ సంస్థ తన ప్యాకేజీలో 24 గంటలకు 15 మద్యపానీయాలన్న పరిమితి పెట్టింది. పదిహేను ప్రామాణిక పానీయాలను తొలగించడానికి సగటు కాలేయానికి 30 గంటలు కావాలి. రోజుకున్నవి 24 మాత్రమే. నౌకాసంస్థ గీసిన గీతకు, శరీరం గీసిన గీతకు సంబంధం లేదని దీనివలన స్పష్టమవుతుంది.

చివరి రాత్రి, మరునాటి ఉదయం

ఈ లెక్క అన్నింటికంటె ఎక్కువగా అక్కరకు వచ్చేది ప్రయాణపు చివరి రాత్రి. కట్టిన డబ్బు రాబట్టుకోవాలనే ఉబలాటం ఆ రాత్రి అధికమవుతుంది. తెల్లవారితే నౌక రేవు చేరుతుంది. సామాను కారులో పెట్టుకుని, పిల్లలను వెనుక సీట్లలో కూర్చోబెట్టుకుని, గాల్వెస్టన్ నుండి డల్లస్ దాకా నడుపుకుపోవలసిన కుటుంబాలుంటాయి.

70 కిలోల మనిషి రాత్రి 8 గంటలనుండి 12 గంటలలోగా తొమ్మిది గ్లాసులు పూర్తిచేశాడనుకుంటే, అర్ధరాత్రికి 126 గ్రాములలో 28 గ్రాములే తొలగి, 98 మిగులుతాయి. ఎనిమిది గంటలు నిద్రపోయినా మరి 56 గ్రాములే పోతాయి. ఉదయం 8 గంటలకు 42 గ్రాములు శరీరంలోనే ఉంటాయి. విడ్‌మార్క్ సూత్రం ప్రకారం అది 100 మిల్లీలీటర్ల రక్తంలో సుమారు 0.09 గ్రాములు. అమెరికాలో యూటా తప్ప మిగిలిన రాష్ట్రాలలో చట్టం విధించిన పరిమితి 0.08, యూటాలో 0.05. నిద్ర లేచి, స్నానం చేసి, ఫలహారం ముగించిన మనిషికి తాను ఇంకా మత్తులో ఉన్నాననే స్ఫురణ ఉండకపోవచ్చు. గిట్టుబాటు కోసం వెతికిన తొమ్మిదవ గ్లాసు వెల అప్పుడు డాలర్లలో తేలదు.

మనస్సు చేసే గారడీ

లెక్క ఇంత తేటగా ఉన్నా ప్యాకేజీలు అమ్ముడుపోవడానికి కారణాలను ఆర్థికశాస్త్రజ్ఞులు పరిశీలించారు. డెల్లావిన్యా, మాల్మెండియర్ అనేవారు 2006లో ప్రకటించిన పరిశోధన ప్రకారం, వ్యాయామశాలకు నెలకు 70 డాలర్లకు పైగా చందా కట్టినవారు నెలకు సగటున 4.3 సార్లే వెళ్ళారు. అంటే వెళ్ళిన ప్రతిసారీ 17 డాలర్లకు పైగా పడింది. పదిసార్ల టికెట్టు కొని ఉంటే సారికి 10 డాలర్లే అయ్యేది. మనిషి తన వాడకాన్ని ముందుగా ఎక్కువగానే ఊహించుకుంటాడు. అదే సంవత్సరం లాంబ్రెఖ్ట్, స్కీరా ప్రకటించిన పరిశోధన మరొక కారణాన్ని చూపింది: టాక్సీలో కూర్చున్నవాడు మీటరు తిరగడం చూస్తూ ప్రయాణాన్ని ఆనందించలేడు. మీటరు కనబడకుండా ఉండడానికి కొంత ఎక్కువ చెల్లించడానికైనా సిద్ధపడతాడు.

కొన్న తరువాత మరొక గారడీ మొదలవుతుంది. ఆర్క్స్, బ్లూమర్ 1985లో ప్రకటించిన ప్రయోగంలో, నాటకాల టికెట్లను పూర్తి ధరకు కొన్నవారు, తగ్గింపు ధరకు కొన్నవారికంటె సంవత్సరం మొదటి భాగంలో ఎక్కువ ప్రదర్శనలకు హాజరయ్యారు. ఆ డబ్బు ఇద్దరికీ తిరిగి వచ్చేది కాదు. అయినా ఎక్కువ ఇచ్చినవాడు ఎక్కువ రాబట్టుకోబోయాడు. విస్తట్లో వదిలిపెట్టడం తప్పని నేర్చుకుని పెరిగిన తెలుగువారికి ఈ బలహీనత మరింత సహజం. అన్నం విషయంలో గొప్పదైన ఆ సంస్కారమే గ్లాసు విషయంలో చేటు తెస్తుంది.

ఎవరికి తగును?

రోజూ నాలుగైదు రకాల చల్లని పానీయాలు, ప్రత్యేకమైన కాఫీలు తీసుకునే దంపతులు, ఇద్దరూ మితంగా మద్యం తీసుకునేవారు, నౌకలోని ధరలు ఎక్కువగా ఉన్నప్పుడు నష్టం లేకుండా బయటపడవచ్చు. ప్రయాణానికి ముందు సంస్థ తగ్గింపు ధర ప్రకటిస్తే లెక్క మళ్ళీ వేసుకోవాలి. మద్యం ముట్టనివారికి సోడా, కాఫీల ప్యాకేజీలు విడిగా చాలా నౌకలలో తక్కువ ధరకు దొరుకుతాయి. వాటికీ ఒక హెచ్చరిక అవసరం: 355 మిల్లీలీటర్ల కోకాకోలాలో 39 గ్రాముల పంచదార ఉంటుంది. రోజుకు 25 గ్రాముల లోపు ఉండడం మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. మధుమేహానికి ఇన్సులిన్, సల్ఫొనైల్‌యూరియా మందులు వాడేవారికి మద్యం వలన రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోయే అవకాశం ఉంది.

మద్యపానీయాలు క్యాన్సర్ కారకాలని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే నిర్ధారించింది. ఆరోగ్యానికి హాని లేని మద్యపరిమాణం ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించింది. 2020లో వెలువడిన అమెరికా ఆహార మార్గదర్శకాలు త్రాగేవారికి పురుషులైతే రోజుకు రెండు, స్త్రీలైతే ఒకటి మించరాదని సలహా ఇచ్చాయి. ఆ రెండింటితో ఏ ప్యాకేజీ గిట్టుబాటయ్యే సూచన పై లెక్కలలో కనబడదు.

కనుక నిర్ణయానికి ఒక సులభమైన పద్ధతి ఉంది. ముందుగా ఒక కాగితం మీద, ప్యాకేజీ అన్నది లేనట్లే భావించి, ఒక్కొక్కరు రోజుకు నిజంగా కోరుకునే పానీయాలను వ్రాసుకోవాలి. వాటి ధరను కూడి, రోజుల సంఖ్యతో గుణించి, గదిలోని పెద్దలందరి ప్యాకేజీ ధరతో పోల్చాలి. మొత్తం తక్కువైతే విడివిడిగా కొనుక్కోవాలి. ఎక్కువైతే ప్యాకేజీ తీసుకోవచ్చు. ఒకవేళ ఆ కాగితం మీద మద్యం గ్లాసుల సంఖ్య అయిదో, ఆరో అని తేలితే, అప్పుడు ఆలోచించవలసినది ప్యాకేజీని గురించి కాదు. గ్లాసుల సంఖ్యను కోరిక నిర్ణయించాలి, ఆరోగ్యం అదుపులో ఉంచాలి. ముందుగా చెల్లించిన డబ్బుకు ఆ అధికారం ఇవ్వకూడదు.